పునీతుడి బండికి తగ్గ ట్రాక్టరు

మా ఊరివాళ్ళు ట్రాక్టరును ఎలా ఎంచుకున్నారో చెబితే మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళంతా కంపరమెత్తుతుంది. ముందు ఊరి మీద, తర్వాత నా మీద. ఏ మడికి ఎంత బండి సరిపోతుందో ఈ లబాక్ పల్లెలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇరవై రెండేళ్ళు పవర్ టిల్లర్ వెనకాల బురదలో నడిచినదాన్ని. అది పెట్టే మోతకి మా వాళ్ళు దాన్ని కీచురాయి అంటారు. నా అసలు పేరు రెస్టితూత, అందరూ పిలిచేది తుతింగ్ అని.

మడిలోకి బండి దించే ముందు నేను చెప్పులు విడిచి దిగుతాను. రెండు రోజులు నానిన మడిలో కాలు పిక్క దాకా దిగి, మడమకి గట్టిగా తగిలిందనుకోండి, ముప్ఫై అయిదు హెచ్‌పీ బండికి ఇనుప చక్రాలు తగిలించి దించవచ్చు. మోకాలు దాటిందా, కీచురాయి తప్ప ఇంకేదీ దిగకూడదు. మడమకి తగిలే ఆ గట్టిదనమే మడి అడుగు. తరతరాలుగా దున్నలు తొక్కి తొక్కి, దమ్ము చేసి చేసి పేరుకున్న పొర అది. జానెడు మందం కూడా ఉండదు. అది ఉన్నంత కాలం నీళ్ళు నిలుస్తాయి. అది పగిలితే పెట్టిన నీళ్ళన్నీ కిందికి ఇంకిపోతాయి. మా ఏటి పక్క మళ్ళకి కింద అంతా ఇసుకే.

ఆ ఏటి పక్కన అందరికంటే మంచి అడుగు సెబ్యో తాత మళ్ళది. ఉన్నది ఒకే ఒక్క హెక్టారు, నాలుగు మళ్ళు. ఆయన తండ్రి ఇసుక మీద బంకమట్టి తట్టలతో మోసి పోసి, ఆరు దున్నలని కట్టి మూడు వానాకాలాలు తొక్కించాడట. మాకు కాలవ నీళ్ళ వంతు వారానికొకసారి వస్తుంది. మా మళ్ళు నాలుగో రోజుకే నెర్రెలిస్తాయి. తాత మళ్ళలో మాత్రం మళ్ళీ వంతు వచ్చేదాకా చీలమండ లోతు నీళ్ళు కదలకుండా ఉండేవి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఆ నీళ్ళు చూసుకుంటూ గట్టు మీద కూర్చుని పొగాకు చుట్టుకునేవాడు. ఆయనకున్న ఆస్తి అదే, గర్వం కూడా అదే.

అసలు గొడవ మడి దగ్గర మొదలవలేదు, ఊరేగింపులో మొదలైంది. మే నెలలో మా రైతుల పునీతుడు ఇసిద్రో పండగకి విగ్రహాన్ని బండెక్కించి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి పాదిరిగారి గుడి దాకా ఊరేగిస్తాయి. మా బండిని దున్నపోతే లాగేది. గుడి ముందుకొచ్చాక అది ముందు కాళ్ళు వంచి మోకరిల్లాలి, అది ఆచారం. ఆ ఏడు మా దున్న మోకరిల్లలేదు. గుడి దాకా పోనూ లేదు. సంత వీధిలో బురదగుంట కనపడగానే, బండితో సహా అందులోకి దిగి, హాయిగా పడుకుంది. పునీతుడు ఓ పక్కకి ఒరిగిపోయాడు. గంట సేపు లాగినా, బతిమాలినా, తోక మెలిపెట్టినా అది కళ్ళు మూసుకుని నెమరేస్తూనే ఉంది. వెనకాల పాంతోక్ ఊరివాళ్ళు తమ బండిని డెబ్భై అయిదు హెచ్‌పీ ట్రాక్టరుకి కట్టి తెచ్చారు.

"ఏవయ్యా లబాక్ వాళ్ళూ, మీ పునీతుడికి ఈత నేర్పిస్తున్నారా?" అని వాళ్ళలో ఒకడు అరిచాడు.

సంత వీధి మొత్తం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నేనూ నవ్వాను. మా ఊరి కెప్టెన్, అంటే ఊరిపెద్ద, దియోమెదెస్ మాత్రం నవ్వలేదు. కాప్ మెదెస్ అంటాం, రైతు సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. తెల్ల చొక్కా మీద బురద చిమ్మితే తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాడు. ఆ మనిషి మొహం చూసినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

మూడు నెలలు తిరక్కుండానే పై ఆఫీసు నుంచి సంఘానికి ట్రాక్టరు మంజూరైంది. కాగితం మీద రెండు గళ్ళు ఉన్నాయి. ఒక గడిలో తొంభై అయిదు హెచ్‌పీ ట్రాక్టరు ఒకటి, డిస్కు నాగలితో. రెండో గడిలో ముప్ఫై అయిదు హెచ్‌పీ ట్రాక్టర్లు రెండు, ఇనుప చక్రాలతో. ఏది కావాలో టిక్కు పెట్టి, అధ్యక్షుడూ, బండి నడిపేవాళ్ళూ సంతకం చేయాలి. నడిపేది నేనే. చంటిపిల్లకైనా తెలుస్తుంది టిక్కు ఎక్కడ పెట్టాలో.

సమావేశం బాస్కెట్‌బాల్ ఆడే చోట పెట్టారు. కాప్ కాగితం చేత్తో పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చాడు.

"అక్కా, రెండు పిల్ల ట్రాక్టర్లు తెచ్చి పాంతోక్ వాళ్ళ ముందు నిలబెడితే మన మొహాన ఉమ్మేస్తారు."

"పాంతోక్ వాళ్ళొచ్చి మన మళ్ళు దున్నుతారా ఏంటి?"

"చిన్నది దున్నే మడిని పెద్దది దున్నదా? ఇంకా బాగా దున్నుద్ది."

"కాప్, అది నాలుగు టన్నుల బండి. మన మళ్ళేమో పావు హెక్టారువి. అది వెనక్కి తిరగాలంటేనే సగం మడి కావాలి. గట్లు పోతాయి. అడుగు పోద్ది. ఏటి పక్కన దింపితే బండే పోద్ది."

"అవన్నీ తర్వాత. పునీతుడి బండి ఈసారి పన్నెండడుగుల ఎత్తు కట్టిస్తున్నా. జనరేటరు, లైట్లు, పూలు, పైన పాటలు పాడే పదిమంది ఆడపిల్లలు. నీ ముప్ఫై అయిదు లాగుద్దా దాన్ని?"

"లాగుద్ది. నెమ్మదిగా లాగుద్ది. ఊరేగింపేమన్నా పరుగు పందెమా?"

జనం గొల్లుమన్నారు. సెబ్యో తాత వెనక బెంచీ మీద కూర్చుని బోసినోటితో నవ్వాడు. నేను గెలిచాననే అనుకున్నాను. కాప్ కూడా నవ్వేసి, బెంచీ మీద నా పక్కనే కూర్చుని గొంతు తగ్గించాడు.

"ఈసారి పునీతుడి బండి నడిపేది నువ్వే అక్కా. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనన్నా ఆడమనిషి పునీతుణ్ణి తోలుకెళ్ళిందా? నువ్వే మొదలు. ఆ ముప్ఫై అయిదెక్కితే ఎవడికి కనపడతావ్ చెప్పు? తొంభై అయిదు మీద కూర్చున్నావంటే ఊరంతా తలెత్తి చూడాల్సిందే."

థూ, ఆ మాటకి నేను పడిపోయాను. ఇంకేదో కారణం ఉందని అబద్ధమెందుకు చెప్పాలి? ఇరవై రెండేళ్ళుగా నన్ను బురద తుతింగ్ అని పిలిచారు. పెళ్ళి భోజనాల్లో నా గోళ్ళు చూసి పక్కకి జరిగేవాళ్ళు. విగ్రహం మోసేది మగవాళ్ళు, పూలు సర్దేది తెల్లచేతుల ఆడవాళ్ళు, నా వంతు ఎప్పుడూ వెనక వరసే. కాప్ ఆ సంగతి బాగా తెలిసే గాలం వేశాడు. నేను పెన్ను తీసుకుని మొదటి గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం గీకేశాను.

వెనక బెంచీ నుంచి సెబ్యో తాత గొంతు వినపడింది. "తుతింగే పెట్టిందంటే ఇంకేం, మంచిదే అయ్యుంటది" అన్నాడు పక్కవాడితో.

ట్రాక్టరు ఏప్రిల్లో దిగింది. ఎర్రగా, నా ఎత్తుండే వెనక చక్రాలతో. దాని బానెట్ మీద కాప్ మెదెస్ ఫొటో ఉన్న బ్యానర్, బ్యానర్ మీద పూలదండ. మే పండగనాడు నేను తెల్ల జాకెట్టు వేసుకుని, గోళ్ళు కొబ్బరిపీచుతో రుద్దుకుని దాని మీదికెక్కాను. పాంతోక్ వాళ్ళ మొహాలు మాడిపోయాయి. ముసలమ్మలు వచ్చి చక్రాన్ని తాకి నుదుటికి అద్దుకున్నారు. ఎవరో నా చేతిలో అరిటాకులో చుట్టిన తీపి అన్నం పెట్టారు. సంతోషం వేయలేదని చెప్పను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా వేయలేదు.

జూన్‌లో మొదటి వానలు పడ్డాయి. మొదటి చాలు దున్నే ముందు పాదిరిగారు వచ్చి ట్రాక్టరు మీద పవిత్ర జలం చల్లాలి, అందరూ ఫొటోలు తీసుకోవాలి. అందుకు రోడ్డు పక్క మళ్ళు కావాలి. రోడ్డు పక్కన, ఏటి ఒడ్డున, అందరికీ కనపడేవి సెబ్యో తాత మళ్ళే. తాతని అడగడం కూడా అడగలేదు కాప్. "నీ మడికి గౌరవం దక్కింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. గౌరవం అన్నాక మా ఊళ్ళో వద్దనే నోరు ఎవరికుంటుంది?

ఆ పొద్దున్నే తాత మా ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడి టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"తుతింగ్, నడిపేది నువ్వేనా?"

"నేనే తాతా."

"నిన్ననే నీళ్ళు పెట్టించాడు కాప్. బురద బాగా కనపడాలంట ఫొటోల్లో." నా కాళ్ళ వైపు చూశాడు. "దిగి చూస్తావుగా ముందు?"

"చూస్తా తాతా. పైపైన పోనిస్తాలే, ఏం కాదు."

"నువ్వున్నావు కదా. అయితే సరే" అని వెళ్ళిపోయాడు.

చూడలేదు. కాప్ నాకు కొత్త రబ్బరు బూట్లు ఇచ్చాడు, మోకాళ్ళ దాకా, పచ్చ రంగువి. అందరి ముందు అవి విప్పి, ప్యాంటు పైకి మడిచి, బురదలోకి దిగడానికి నాకు మొహం చెల్లలేదు. అది కూడా పూర్తి నిజం కాదు. దిగితే నా మడమ ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు. చెప్పాక ట్రాక్టరు ఎక్కలేనని కూడా తెలుసు. అందుకే దిగలేదు. ఇరవై రెండేళ్ళలో కాలు పెట్టి చూడకుండా బండి దించింది ఆ ఒక్క రోజే.

పాదిరిగారు నీళ్ళు చల్లారు. గట్టు మీద ఊరంతా ఫోన్లు పైకెత్తి నిలబడింది. మొదటి మడిలో నాగలి కొంచెమే దించి, పైపైన పోనిచ్చాను. గట్టు మూల ఒకటి చక్రం కింద పడి అప్పుడే పోయింది. బండి బరువుకి బురద అలలాగా ముందుకి తోసుకొస్తోంది.

"ఇంకా దించక్కా! నాగలే కనపడట్లేదు ఫొటోలో!" కాప్ మైకులో అరిచాడు. మడి దున్నడానికి మైకు!

నేను మీట నొక్కాను. నల్లమట్టి తిరగబడింది. దాని కింద నుంచి పచ్చటి బంకమట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. దాని వెనకాల బూడిద రంగు ఇసుక కనపడింది. తాత తండ్రి కప్పెట్టిన ఇసుక. నేను చూశాను, స్పష్టంగా చూశాను. జనం చప్పట్లు కొడుతున్నారు. నేను ఆపలేదు. చప్పట్ల కోసం ఇంకో చుట్టు తిప్పాను, రెండో మడిలో కూడా తిప్పాను.

మూడో మడిలో వెనక చక్రం దిగబడింది. నేను గేరు మార్చి తోలాను, అది తిరిగిన చోటే తిరుగుతూ ఇరుసు దాకా గుంట తవ్వుకుంది. కాప్‌కి ఇంకో ఊరేగింపు నవ్వులపాలైనంత కంగారు పుట్టింది. పెద్ద కాలవ దగ్గర రోడ్డు పని చేస్తున్న ఎక్స్‌కవేటరును రమ్మని ఫోను చేశాడు. అది ఇనుప పట్టాల మీద నాలుగో మడిని అడ్డంగా తొక్కుకుంటూ వచ్చింది. ట్రాక్టరు చుట్టూ బావి లోతు తవ్వి, గొలుసులు వేసి లాగింది. ఆ ఒక్క పొద్దుకి నాలుగు మళ్ళ పనీ అయిపోయింది. తాత గట్టు మీద నిలబడి ఉన్నాడు. అరవలేదు, ఆపమనలేదు. పునీతుడి ట్రాక్టరుని, పాదిరిగారు దీవించిన ట్రాక్టరుని ఎవరు ఆపమంటారు?

నేను నా కీచురాయితో పోయి మళ్ళు చదును చేశాను. గట్లు వేశాను. వంతు రాగానే తాత నీళ్ళు పెట్టాడు. మర్నాడు పొద్దున నేను చెప్పులు విడిచి దిగాను. నీళ్ళు లేవు. అక్కడక్కడ బుడగలు వస్తున్నాయి, అంతే. కాలు దిగింది, దిగింది, తొడ దాకా దిగింది, మడమకి ఏమీ తగల్లేదు. నాలుగు మళ్ళలో వెతికాను. మూలల్లో తప్ప ఎక్కడా అడుగు లేదు.

తిన్నగా కాప్ ఇంటికి వెళ్ళాను. ఆయన పంది మాంసం ముక్కలు నంజుకుంటూ కాఫీ తాగుతున్నాడు.

"నేల దాహంగా ఉందక్కా. ఇంకో రెండు తడులు పెట్టమను, అదే సర్దుకుంటది."

"నేలకి దాహమేంటి? అడుగు పగిలిపోయింది కాప్!"

"అడుగు అడుగు అంటావ్. ఎవరన్నా కళ్ళతో చూశారా దాన్ని?" పళ్ళలో ఇరుక్కున్న ముక్క పుల్లతో తీసుకున్నాడు. "అయినా నడిపింది నేనా? టిక్కు పెట్టింది నేనా?"

ఛీ, నోట్లో పుల్లతో కూడా ఎంత నిజం చెప్పాడో. ఆయన అక్కడితో చేతులు దులుపుకున్నాడు. ఊరు కూడా దులుపుకుంది. ట్రాక్టరును కడిగి, టార్పాలిన్ కప్పి, షెడ్డులో పెట్టారు. ఆ తర్వాత అది ఇంకే మడిలోనూ దిగలేదు.

తాత మొండిగా నాట్లు వేశాడు. వారానికొక వంతు ఏ మూలకీ సరిపోలేదు. ఆగస్టుకల్లా పైరు ఎర్రబడింది, సెప్టెంబరుకి గడ్డిలా ఎండింది. దున్నపోతులకి కోసి వేశాడు. ఒక సాయంత్రం గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"నువ్వు చెప్పు తుతింగ్. మళ్ళీ అడుగు పడాలంటే ఎన్నేళ్ళు పడతది?"

"ప్రతి పంటకీ రెండుసార్లు కీచురాయితో దమ్ము చేస్తా తాతా. బంకమట్టి తోలిస్తా. పదేళ్ళు... పన్నెండు."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"అప్పటికి నాకు ఎనభై ఆరు. చూసే యోగం లేదనుకుంటా" అని నవ్వాడు.

"నన్ను తిట్టు తాతా."

"తిడితే నీళ్ళు నిలబడతాయా?" అని చుట్ట వెలిగించుకున్నాడు. "దమ్ము మాత్రం చెయ్యి. ఎవరికో ఒకరికి పనికొస్తది."

తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి ఆ పచ్చ బూట్లు పెంటకుప్పలో పారేశాను.

మళ్ళీ మే వచ్చింది. నేను నడపనని చెప్పాను. ఆ ఇరుకు సంత వీధిలో ఆ బండిని తిప్పడం ఇంకెవరికీ చేతకాదని, పునీతుడు ఆగిపోతే పాపం నాదేనని పూలు సర్దే ఆడవాళ్ళందరూ వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. ఒకప్పుడు నా గోళ్ళు చూసి పక్కకి జరిగినవాళ్ళే. నాకు వాళ్ళని తరిమేసే దమ్ము లేకపోయింది. ఎక్కాను.

ఊరేగింపు దారిలో ప్రతి ఇంటి ముందూ ఆ ఏటి పంట పెట్టాలి, పునీతుడు చూసి దీవించాలి. ఇంటింటి ముందూ బల్ల మీద వడ్ల బస్తాలు, వడ్ల బుట్టలు, వరికంకుల తోరణాలు. ఏటి మలుపు దగ్గర సెబ్యో తాత ఇల్లు. పోయినేటి దాకా ఆ ఇంటి ముందు ఊరందరికంటే ఎత్తుగా వడ్ల బస్తాలు ఉండేవి. ఈ ఏడు ఒక స్టూలు వేసి, దాని మీద చేటలో పెసలు పెట్టాడు. నీళ్ళు నిలవని నేలలో అవే పండాయి. రెండు శేర్లు కూడా ఉండవు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని, ఆ చేట పక్కన నిటారుగా నిలబడ్డాడు.

నేను ఇంజను ఆపేశాను. వెనకాల బాజాలు ఆగాయి, పైన ఆడపిల్లల పాట ఆగింది. కాప్ మైకులో "ఏమైందక్కా, ఏమైంది?" అని అరుస్తున్నాడు. నేను ఆ మెట్లన్నీ దిగి తాత దగ్గరికి వెళ్ళాను.

"నావల్ల కాదు తాతా. నేనిక ఎక్కను. ఇక్కడే వదిలేస్తా దీన్ని."

అందరూ చూస్తున్నారు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపులో కోపం ఉంటుందనుకున్నాను, ఉన్నది అలసట.

"ఆ రోజు నా మడిలో దిగమంటే దిగలేదు" అన్నాడు మెల్లిగా, నాకొక్కదానికే వినపడేలా. "ఇవాళ ఊరందరి ముందు దిగుతున్నావా?"

నేను వెనక్కి తిరిగి బండి వైపు చూశాను.

"పో, ఎక్కు. వెనక జనం ఎండలో మాడుతున్నారు" అని చేటలో పెసలు చేత్తో సర్దుకున్నాడు.

నేను వెనక్కి వెళ్ళి ఎక్కాను. జనం చప్పట్లు కొట్టారు, నేను ముసలాయన ఆశీర్వాదం తీసుకోవడానికి దిగానని అనుకున్నారట. తాళం తిప్పి గేరు వేశాను. పన్నెండడుగుల బండి, జనరేటరు, పూలు, పదిమంది ఆడపిల్లలు, పైన పునీతుడు, ఏ కుదుపూ లేకుండా మెత్తగా ముందుకి కదిలాయి. కదలక ఏం చేస్తాయి, దాని కోసమే కదా తెచ్చుకున్నాం.